ప్లాస్టిక్ వేయించిన పట్టా

ఫిబ్రవరి 6

ఇవాళ్టి నుంచి రాసిపెట్టుకోవాలి. ఎవరికి ఏం చెప్పానో నాకే గుర్తుండటం లేదు. నాన్నకు ఒకటి చెప్పాను, పనిలో చేరేటప్పుడు కాగితం మీద ఇంకొకటి రాశాను. దానికితోడు పశువైద్యుల మండలికి ఎప్పుడు ఫోన్ చేసినా "ఇంతకుముందు ఏ తేదీన, ఎవరితో మాట్లాడారు?" అంటారు. "మొన్నెప్పుడో, ఎవరో ఆవిడతో" అంటాను. "క్షమించండి" అని పెట్టేస్తారు. అందుకని తేదీలు వేసి రాస్తాను. ఇక్కడ మాత్రం నిజాలే రాస్తాను.

మండలి నుంచి ఉత్తరం వచ్చింది. నా ఫైల్లో అన్నీ ఉన్నాయట, ఒక్కటి తప్ప. నా డిగ్రీ పట్టా అసలు కాగితం. నేనిచ్చింది నకలట. ఏప్రిల్ 30 లోగా అసలుది వాళ్ళ బల్ల మీద ఉంటే జూన్‌లో అర్హత పరీక్షకు కూర్చోనిస్తారు. అది గట్టెక్కితే ఇక్కడ కూడా నేను డాక్టర్నే. కాగితం రాకపోతే ఫైలు మూసేస్తారు. ఈలోగా నా భాషా పరీక్షకు గడువు తీరిపోతుంది కాబట్టి మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టాలి. అంటే ఇంకో రెండేళ్ళు.

చివర్లో ఎప్పటి ముక్కే: "పధ్నాలుగు రోజుల్లో మీ నుంచి జవాబు రాకపోతే మీకు ఆసక్తి లేదని భావిస్తాం." నా ఉత్తరానికి వాళ్ళు నలభై రోజులు తీసుకున్నప్పుడు నేనేం భావించాలో ఎక్కడా రాయలేదు.

ఈ దేశం నన్ను రానిచ్చిందే పశువైద్యురాలినని. పశువైద్యులు చాలడం లేదు, మీ నైపుణ్యానికి ఇక్కడ చోటుంది అని ప్రకటన వేశారు. తెల్లకోటు వేసుకున్న అమ్మాయి ఒక గొర్రెపిల్లను ఎత్తుకుని నవ్వుతూ ఉంటుంది. ఆ గొర్రెపిల్లను పట్టుకున్న తీరు తప్పు, వెనక కాళ్ళు గాల్లో వేలాడుతున్నాయి. అది చూసి, వీళ్ళకు నిజంగానే మనిషి కావాలి అనుకున్నాను.

వీసా ఆఫీసుకు ఆ నకలు సరిపోయింది. మండలి అదే వీధిలో, రెండు భవనాల అవతల ఉంది. ఆ రెండు భవనాలు దాటేసరికి నేను డాక్టర్ని కాకుండా పోతున్నాను.

ఫిబ్రవరి 7

నేను చేసే పని: కుక్కలకు, పిల్లులకు, అప్పుడప్పుడు కుందేళ్ళకు వైద్యం చేసే ఆస్పత్రిలో బోనులు కడగడం. ముందు గీకడం, తర్వాత మందునీళ్ళు, పది నిమిషాలు ఆగి మళ్ళీ కడగడం. తువ్వాళ్ళు ఉతకడం. ప్రతి బోనుకు ఒక అట్ట వేలాడుతుంది. అందులో ఉదయం, మధ్యాహ్నం, సాయంత్రం అని గళ్ళు. తిన్నదా లేదా, విసర్జించిందా లేదా. అవును, కాదు. అంతే.

ఇంతకుముందు మూడుచోట్ల పట్టా సంగతి చెప్పాను. ముగ్గురూ ఒకే మాట: "ఇంత చదువుకున్నవాళ్ళు మా దగ్గర నిలవరు." నాలుగోచోట చదువు దగ్గర 'ఇంటర్' అని రాశాను. మర్నాడే రమ్మన్నారు.

నాన్నతో "ఆస్పత్రిలో చేస్తున్నా" అన్నాను. అది అబద్ధం కాదు. ఆస్పత్రే కదా.

నాన్నకు పంపిన ఫోటో సంగతి తర్వాత రాస్తాను.

ఫిబ్రవరి 9

మధ్యాహ్నం తినే వేళ, బట్టలుతికే గదిలోంచి నాన్నకు ఫోన్ చేశాను.

"నాన్నా, నా పట్టా ఎక్కడుంది?"

"ఎక్కడుంటుంది అమ్మడూ, బీరువాలో. కొత్త దుప్పటి మడతలో. ఏం, మీ ఆస్పత్రివాళ్ళు చూస్తారంటనా?"

"ఆఁ. ఒకసారి చూసి ఇచ్చేస్తారు."

"చూడనీ! కళ్ళు చెదరాలి వాళ్ళకి. నువ్వెళ్ళిన వారానికే ప్లాస్టిక్ వేయించా. జెరాక్స్ షాపువాడు పల్చటిది వేస్తానన్నాడు. నేనొప్పుకుంటానా? ఎదురుగా కూర్చుని మందంది వేయించా. ఇక చెద పట్టదు, తడవదు. నువ్వూ నేనూ పోయినా అది ఉంటుంది."

మండలి నియమాల పుస్తకంలో పదకొండో పేజీ. ప్లాస్టిక్ వేసిన పత్రాలు చెల్లవు. ముద్ర ఉబ్బును వేలితో తడిమి చూడాలి, సిరాను దగ్గర నుంచి చూడాలి, ప్లాస్టిక్ ఉంటే రెండూ కుదరవు. వచ్చిన మొదటి వారమే చదివాను. ఇంత తెలివితక్కువ పని ఎవరు చేస్తారులే అనుకుని పేజీ తిప్పాను.

నా పదో తరగతి మార్కుల కాగితం వానకు తడిసింది. చూరు కారి, ట్రంకుపెట్టెలోకి దిగింది నీరు. నాన్న దాన్ని మంచం మీద పరిచి, ఈగలు వాలకుండా రోజంతా పక్కన కూర్చున్నాడు. ఆ రోజు గొర్రెల మందను వేరేవాళ్ళతో పంపాడు. జ్వరమొచ్చినా మందతో వెళ్ళే మనిషి. లెక్కల మార్కుల దగ్గర సిరా చెదిరిపోయింది. ఏ అంకె పోయిందో చదవడం రాదు కదా, పోయింది నా చదువే అనుకున్నాడు.

"మంచిపని చేశావు నాన్నా" అన్నాను.

ఫిబ్రవరి 10

మందంది.

ఫిబ్రవరి 12

నాతోపాటు గది పంచుకునే అక్క మా దేశంలో నదుల మీద వంతెనలు కట్టించిన ఇంజనీరు. ఇక్కడ సూపర్‌మార్కెట్లో అరలు సర్దుతుంది. నేను వంతెనక్క అంటాను. ఆవిడ నన్ను డాక్టరమ్మా అంటుంది, ఆ మాట అనేవాళ్ళు ఈ ఊళ్ళో ఆవిడొక్కతే.

"ప్లాస్టికే కదా, వేడి చేస్తే ఊడొస్తుంది. పదార్థం గుణం తెలిస్తే చాలు" అంది.

తన పాత గుర్తింపు కార్డు తెచ్చింది. ఇస్త్రీపెట్టె పెట్టాం. వాసన వచ్చింది. మూల పట్టి లాగాం. ప్లాస్టిక్ వచ్చింది, దానితోపాటు వంతెనక్క సగం మొహం వచ్చింది.

"నా మొహం ఊడొచ్చిందే" అంది. కాసేపు చూసి, "ఫర్లేదు, ఇందులో నేనెప్పుడూ బాగాలేను" అంది.

నేను నవ్వలేదు. నా పట్టాలో ఊడొచ్చేది ఏదో ఆలోచిస్తున్నాను. పేరా, ముద్రా?

ఫిబ్రవరి 16

కాలేజీకి ఆరుసార్లు ఫోన్ చేస్తే గుమాస్తా దొరికాడు. అసలుదాని బదులు కొత్త పట్టా ఇస్తారట. రెండే రెండు కారణాలకు: అసలుది పోయినా, చెడిపోయినా.

"చెడిపోయింది సార్. ప్లాస్టిక్ వేయించారు."

"అది చెడిపోవడం ఎట్లా అవుతుందమ్మా? అక్షరాలు కనబడుతున్నాయా?"

"కనబడుతున్నాయి."

"ముద్ర?"

"అదీ కనబడుతుంది సార్, కానీ తడమడానికి..."

"తడమడమేంటమ్మా! అంత శుభ్రంగా ఉన్నదాన్ని చెడిపోయిందని ఎట్లా రాయను? నా ఉద్యోగం పోతుంది. పోయిందని పోలీసు కాగితం తెండి, పదిరోజుల్లో ఇచ్చేస్తాం."

"పోలేదు కదా సార్."

"అయితే నేనేం చెయ్యనమ్మా? పోయి ఉంటే బాగుండేది."

ఇక్కడివాళ్ళకు అది మరీ భద్రంగా ఉంది కాబట్టి పనికిరాదు. అక్కడివాళ్ళకు మరీ భద్రంగా ఉంది కాబట్టి కొత్తది ఇవ్వరు. నా జుట్టు నేనే పీక్కోవాలి.

ఫిబ్రవరి 19

నాన్నే ఫోన్ చేశాడు. వీడియోలో ఒక గొర్రె చూపించాడు. తల ఒక పక్కకు వాల్చి గుండ్రంగా తిరుగుతోంది.

"ఎన్నాళ్ళ నుంచి?"

"వారం. మొదట్లో ఊరికే నిలబడి చూస్తుండేది. ఇప్పుడు ఇట్లా గానుగెద్దులాగా."

"చెవి వాలిందా? చొంగ కారుతోందా? జ్వరం?"

"ఏమీ లేదు. మేత బాగానే తింటుంది. తలకాయ ఈ పక్కన నొక్కితే మెత్తగా ఉంది తల్లీ."

మెదడులో నీటిబుడ్డ. కుక్కల నుంచి వస్తుంది. దానికి వయసెంతో అడిగాను, దాన్ని విడిగా కట్టమన్నాను, పశువుల ఆస్పత్రి డాక్టరుకు ఏమని చెప్పాలో చెప్పాను. మంద దగ్గర కుక్కలన్నిటికీ నులిపురుగుల మందు వేయించమన్నాను. చచ్చిన గొర్రె తలకాయ కుక్కలకు అందనివ్వొద్దన్నాను.

"మీ పెద్ద డాక్టరుని కూడా ఓ మాట అడుగు" అన్నాడు.

"అక్కర్లేదు నాన్నా, నాకు తెలుసు."

"నీకు తెలుసనుకో. మరి నీ మాట వాళ్ళు వింటారా అక్కడ?"

"వింటారు."

తర్వాత పోలీసు స్టేషన్ సంగతి చెప్పాను. పట్టా పోయిందని చెప్పి ఒక కాగితం రాయించుకు రావాలి, ఊరికే పద్ధతి కోసం, అన్నాను.

"ఉన్నదాన్ని పోయిందనాలా?"

"ఒక్క మాట నాన్నా."

"సరే. నువ్వు చదువుకున్నదానివి, నీకు తెలిసే చెప్తావు."

ఫిబ్రవరి 24

ఊళ్ళో ఉన్న మా అక్కకు రాయడం రాదు, అందుకని మాటలు రికార్డు చేసి పంపుతుంది. ఇవాళ్టిది ఎనిమిది నిమిషాలు. ఉన్నదున్నట్టు రాసుకుంటున్నాను, ఎందుకంటే ఇంకెవరికైనా చెబితే నమ్మరు.

"ఒసేయ్ చెల్లీ, నవ్వాలో ఏడవాలో తెలీట్లేదే. నాన్నని తీసుకుని స్టేషనుకి పోయాం. రైటరు మంచోడే, కూర్చోబెట్టాడు. ఏం పోయిందయ్యా అన్నాడు. నాన్న, నేను నేర్పించినట్టే, మా అమ్మాయి పట్టా పోయింది సార్ అన్నాడు. ఎక్కడ పోయింది అన్నాడు. బస్సులో అన్నాడు. అంతా సవ్యంగానే నడుస్తోంది. అప్పుడాయన పెన్ను తీసుకుని, ఎట్లా ఉంటుందయ్యా ఆ కాగితం, పొడుగు, వెడల్పు, రంగు చెప్పు రాసుకుంటా అన్నాడు. మన నాన్న ఏం చేశాడో తెలుసా? చంకలో సంచి తీసి, అందులోంచి పట్టా తీసి, ఆయన బల్ల మీద పెట్టి, 'ఇట్లా ఉంటుంది సార్' అన్నాడు! సంచిలో ఎందుకు తెచ్చాడో! ఇంట్లో ఎవరూ లేనప్పుడు దాన్ని వదిలి రావడం ఇష్టం లేదంట! రైటరు ఒకసారి పట్టాని చూశాడు, ఒకసారి నాన్నని చూశాడు. 'దొరికింది కదా పెద్దాయనా, సంతోషం, ఇక వెళ్ళు' అన్నాడు. పైగా అందరికీ చూపించాడు, ఎంత మెరుస్తోందో చూడండిరా అని. నాన్న టీ తాగి మరీ వచ్చాడు. నువ్వేమీ అనకు ఆయన్ని."

ఫిబ్రవరి 25

ఏమీ అనలేదు.

వంతెనక్కకు వినిపించాను. కళ్ళ నీళ్ళు వచ్చేదాకా నవ్వింది. "మీ నాన్నకి అబద్ధం ఆడటం రాదు డాక్టరమ్మా" అంది.

అవును. అది మా ఇంట్లో ఒక్కదానికే వచ్చు.

మార్చి 3

మేనేజరు పిలిచింది. నేను రాసిన అట్టలు నాలుగు బల్ల మీద పరిచింది. ఒక పిల్లి అట్ట మీద 'చిగుళ్ళు పాలిపోయాయి' అని రాశాను. ఇంకో కుక్క అట్ట మీద 'కుడి వెనక కాలు మోపడం లేదు' అని. గళ్ళ పక్కన, చిన్న అక్షరాలతోనే.

"ఇవి రాయమని ఎవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదు. కనిపించింది, రాశాను."

"మీరు చూడాల్సింది తిన్నదా లేదా. మిగతాది చూడటానికి డాక్టర్లున్నారు. రేపు ఏదైనా అయితే, అర్హత లేని మనిషి చేత పరీక్ష చేయించారని మా మీదికొస్తుంది. ఇది మొదటి హెచ్చరిక. రాతపూర్వకంగా."

సంతకం పెట్టాను. ఆవిడ చెడ్డ మనిషి కాదు. ఆవిడకు తెలిసినంతవరకు నేను ఇంటర్ చదివినదాన్ని. రాసింది నేనే కదా.

మార్చి 10

ఒక కుందేలు. తెల్లది, చెవుల కొసలు బూడిదరంగు. పళ్ళు అరగదీసి రెండు రోజులు ఉంచమన్నారట.

ఉదయం: తినలేదు.

మధ్యాహ్నం: తినలేదు. బోను అడుగున ఒక్క పెంటిక కూడా లేదు. కుందేలు ఒకపూట తినకపోతేనే కంగారుపడాలి. చెయ్యి పెట్టి చూశాను. పొట్ట బిగిసి ఉంది. పళ్ళు కొరుకుతోంది, అది నొప్పికి. చికిత్సగది తలుపు దగ్గర నిలబడ్డాను. మేనేజరు చూసి "ఏం కావాలి?" అంది.

"ఏం లేదు."

సాయంత్రం: తినలేదు.

మార్చి 11

కుందేలు రాత్రే పోయిందట. ఆ బోను రెండుసార్లు మందునీళ్ళతో కడగమన్నారు.

అట్ట తీసి చెత్తలో వేసే ముందు చూశాను. మూడు గళ్ళు, మూడు సమాధానాలు. ఒక్క అక్షరం అదనంగా లేదు. తప్పు పట్టడానికి ఏమీ లేదు.

మార్చి 12

మొన్నటిది మళ్ళీ చదివాను. 'ఏం లేదు' అన్నాను. ఆ మాట నేనే అన్నాను.

మార్చి 14

మండలికి ఫోన్ చేశాను. నా ఫైలు చూసే ఆవిడ ఎప్పుడూ దొరకదు, ఇవాళ దొరికింది. నేనూ వంతెనక్కా ఆవిడను ఫైలమ్మ అంటాం. ఇన్నాళ్ళూ 'పత్రం వస్తోంది' అని జవాబులు రాస్తూ వచ్చాను. ఇవాళ నిజం చెప్పేశాను. పట్టా ఉంది, మా నాన్న ప్లాస్టిక్ వేయించాడు, ఊడదీస్తే పాడవుతుంది, కొత్తది ఇవ్వరు.

"మీ నాన్నగారు అలా ఎందుకు చేశారు?"

"పాడవకూడదని."

అటువైపు కాగితాలు తిప్పిన చప్పుడు. "ముప్పై నాలుగో నియమం ఉంది. పత్రం రూపం మార్చినవాళ్ళు, ఎలా ఎందుకు మార్చారో నోటరీ ముందు సొంతమాటల్లో వాంగ్మూలం ఇస్తే, పత్రాన్ని పరిశీలనకు తీసుకోవచ్చు."

"తీసుకుంటారా?"

"తీసుకోవచ్చు."

"అంటే తీసుకుంటారా, తీసుకోరా?"

"తీసుకోవచ్చు అని ఉంది" అంది. రెండేళ్ళలో నాకు ఈ దేశం నేర్పిన భాషంతా ఆ ఒక్క మాటలో ఉంది.

ఫారం పంపింది. ఐదు ప్రశ్నలు. మీరెవరు, పట్టాదారు మీకేమవుతారు, పత్రానికి ఏం చేశారు, పట్టాదారు ప్రస్తుతం చేస్తున్న వృత్తి ఏమిటి, ఇదంతా నిజమేనా. తెలిసి తప్పు రాస్తే ఫైలు శాశ్వతంగా మూసేస్తారు.

మార్చి 16

నాలుగో ప్రశ్న.

మార్చి 20

"ఆస్పత్రిలో ఉద్యోగం అని రాయమను, ఇక వివరం దేనికి?" అంది వంతెనక్క.

"నేనూ అదే అనుకుంటున్నా."

"మరి మొహం అలా పెట్టావేం?"

ఫోటో చూపించాను. వచ్చిన కొత్తలో, ఉతకడానికి వచ్చిన డాక్టరు తెల్లకోటు ఒకటి తొడుక్కుని, బట్టలుతికే గదిలో తీసుకున్నది. వెనక యంత్రం కనబడకుండా దగ్గరగా తీసుకున్నాను. నాన్నకు పంపాను. ఏమీ రాయలేదు, ఊరికే ఫోటో పంపాను. డాక్టరుగా చేస్తున్నానని ఆయనే అనుకున్నాడు.

దానికీ ప్లాస్టిక్ వేయించాడట. గుమ్మం పక్కన గోడకు ఉంది.

వంతెనక్క చాలాసేపు చూసి, "కోటు నీకు సరిపోయింది" అని తిరిగి ఇచ్చేసింది. ఆవిడ ఇంట్లోవాళ్ళకు ఏం చెప్పిందో నేనెప్పుడూ అడగలేదు. ఇవాళ కూడా అడగలేదు.

నాన్న దేని గురించీ వివరంగా చెప్పడు. 'ఆస్పత్రిలో' అనే అంటాడు. అంతవరకే అంటాడు. ఇబ్బంది ఉండదు.

మార్చి 27

నోటరీ ఆఫీసు నుంచి ఫోన్. టైపిస్టు మాట్లాడాడు. నాన్న, అక్క ఎదురుగా ఉన్నారు.

"అమ్మా, మీ నాన్నగారు చెప్పినట్టే కొట్టాను. ఒకసారి చదువుతా వినండి. తర్వాత వేలిముద్ర వేయించి స్టాంపు వేసేస్తాం."

చదివాడు. మొదటి మూడు సరిగ్గా ఉన్నాయి.

"నాలుగు. నా కూతురు ఆ దేశంలో పేరున్న ఆస్పత్రిలో పెద్ద డాక్టరుగా పనిచేస్తున్నది. ఆమె కింద చాలామంది పనిచేస్తున్నారు. ఆమె మాట అక్కడ అందరూ వింటారు. ఇందుకు రుజువుగా తెల్లకోటు ఫోటో జతచేస్తున్నాను."

"ఆగండి" అన్నాను.

"ఏమైనా తప్పుందా అమ్మా? కింద పనిచేసేవాళ్ళు ఎందరో అంకె వెయ్యమంటారా?"

"నాన్నకు ఇవ్వండి ఫోను."

"స్పీకర్లోనే ఉందమ్మా."

స్పీకర్లోనే చెప్పాను. ఎలా చెప్పానో సరిగ్గా గుర్తు లేదు. "నాన్నా, నేను ఇక్కడ డాక్టర్ని కాను. ఇంకా ఒప్పుకోలేదు వీళ్ళు. కుక్కల బోనులు కడుగుతున్నాను. ఆ కోటు నాది కాదు" అన్నట్టున్నాను.

అక్క "ఒసేయ్, ఏం మాట్లాడుతున్నావే, నలుగురిలో" అంది.

నాన్న అడిగాడు: "రెండేళ్ళ నుంచా?"

"అవును నాన్నా."

"అయితే ఆ గొర్రెకి చెప్పింది?"

"అది నిజమే. అది నాకు తెలిసే చెప్పాను."

"ఆ జెరాక్స్ షాపువాడికి కూడా చెప్పుకున్నానే" అన్నాడు. నాతో అన్నట్టు లేదు. కుర్చీ జరిపిన చప్పుడు.

టైపిస్టు మెల్లగా, "అమ్మా, లేచి వెళ్ళిపోయారు. నాలుగోది అలాగే ఉంచనా, కొట్టేయనా?" అన్నాడు.

మార్చి 28

నాన్న ఫోను ఎత్తలేదు.

మార్చి 29

ఎత్తలేదు. అక్క పది సెకన్లు పంపింది: "గోడ మీద ఫోటో తీసేశాడు. ఏం మాట్లాడట్లేదు. మందతో పోతున్నాడు, వస్తున్నాడు. నువ్వు తిను."

మార్చి 31

ఇంకా ముప్పై రోజులున్నాయి. నాన్న వేలిముద్ర వేయకపోతే ఏం చేయాలో ఆలోచించాలి. ఆలోచించడం లేదు. బోనులు కడుగుతున్నాను. ఇవాళ ఒకే బోనును రెండుసార్లు కడిగాను, మర్చిపోయి.

ఏప్రిల్ 2

అక్క: "నిన్న పొద్దున్నే నన్ను పిలవకుండా ఒక్కడే నోటరీ దగ్గరికి పోయాడంట. ఏం చెప్పాడో ఎవరికీ చెప్పట్లేదు. పట్టా కూడా పార్శిల్ చేసేశాడు. ఇచ్చేటప్పుడు చూడాలి, పిల్లని అత్తారింటికి పంపుతున్నట్టు మొహం. అన్నట్టు ఆ తిరుగుడు గొర్రె పోయింది. డాక్టరు వచ్చి నువ్వన్నదే అన్నాడంట. కుక్కలన్నిటికీ మందు వేయించాడు, మనవే కాదు, ఊళ్ళోవాటికి కూడా. ఎవరు చెప్పారయ్యా అంటే 'మా అమ్మాయి' అన్నాడు. డాక్టరమ్మ అనలేదు. మా అమ్మాయి అన్నాడు, అంతే."

ఏప్రిల్ 8

పార్శిల్ వచ్చింది. కొత్త దుప్పటి ముక్కలో చుట్టి ఉంది పట్టా. నిజంగానే మెరుస్తోంది. రెండేళ్ళ తర్వాత చూస్తున్నాను. నా పేరు ఇంత పెద్ద అక్షరాలతో ఉంటుందని మర్చిపోయాను.

వాంగ్మూలం ఒక పేజీ. ఎత్తి రాసుకుంటున్నాను, ఎందుకంటే ఆ కాగితం మండలికి వెళ్ళిపోతుంది:

"నేను గొర్రెల కాపరిని. నాకు చదువు రాదు. పట్టాదారు నా చిన్న కూతురు. మా వంశంలో బడికి పోయింది అదొక్కతే. ఈ పట్టా మీద ప్లాస్టిక్ నేనే వేయించాను. అది పిల్లకు చెప్పి చేసింది కాదు. ఒకసారి దాని కాగితం వానకు తడిసింది, అందుకు చేశాను. పల్చటిది వద్దని మందంది వేయించింది కూడా నేనే. ఇప్పుడు నా కూతురు చేస్తున్న పని కుక్కల బోనులు కడగడం. ఆ మాట అదే చెప్పింది, ముందు చెప్పలేదు, తర్వాత చెప్పింది. నా గొర్రెకి తలలో నీటిబుడ్డ ఉందని అక్కడి నుంచే చూసి చెప్పింది, అది నిజమైంది. ప్లాస్టిక్ కింద ఉన్నదంతా నిజం. తప్పు నాది. చదువు దానిది."

కింద నీలం వేలిముద్ర. కాగితం మీద నేరుగా వేసింది. తడమొచ్చు. తడిమాను.

ఏప్రిల్ 9

మేనేజరు దగ్గరికి వెళ్ళి, చేరేటప్పుడు చదువు తప్పుగా రాశానని చెప్పాను. నిజం రాసి ఇంకో కాగితం ఇచ్చాను. ఆవిడ రెండుసార్లు చదివింది.

"అయితే ఆ పిల్లి చిగుళ్ళ సంగతి..."

"పాలిపోయాయి. కుందేలు సంగతి కూడా నాకు తెలుసు. చెప్పలేదు."

ఆవిడ కళ్ళజోడు తీసి పెట్టుకుంది. "ఇంత చదువుకున్నవాళ్ళు మా దగ్గర నిలవరు" అంది.

అనుకున్నాను, ఈ మాట వస్తుందని. కానీ వెంటనే పొమ్మనలేదు. అట్ట మీద ఒక గడి పెంచుతానంది, పైన 'గమనించినవి' అని. పెద్దవాళ్ళను అడిగి చెబుతుందట. చెప్పవచ్చు, చెప్పకపోవచ్చు.

నాన్నకు ఫోన్ చేశాను. మూడో రింగుకు ఎత్తాడు.

"అందిందా?"

"అందింది నాన్నా."

"చిరగలేదుగా?"

"చిరగదు. మందంది వేయించావుగా."

"ఆ కుక్కలు కరుస్తాయా?" అన్నాడు.

"నన్ను కరవవు."

"ఊఁ" అన్నాడు. "వాళ్ళు ఏ సంగతీ ఎప్పుడు చెప్తారో అడుగు. ఊరికే కూర్చోకు. గట్టిగా అడుగు."

ఏప్రిల్ 10

రేపు పొద్దున పనికి వెళ్ళే దారిలో పట్టా, వాంగ్మూలం మండలిలో నా చేతులతోనే ఇచ్చి వస్తాను. పైన పెట్టే ఉత్తరం ముందు ఇక్కడ రాసుకుని, తర్వాత వాళ్ళ భాషలోకి మారుస్తాను. నాలుగుసార్లు కొట్టేసి ఐదోసారి రాసింది ఇది:

అయ్యా, అమ్మా,

మీరు అడిగిన అసలు పట్టాను ప్లాస్టిక్‌తో సహా జతచేస్తున్నాను. దాన్ని ఊడదీయలేను, కొత్తది తీసుకురాలేను. ముప్పై నాలుగో నియమం ప్రకారం మా నాన్న వాంగ్మూలం, దాని అనువాదం జతచేశాను. అనువాదంలో నేను ఒక్క మాట కూడా మార్చలేదు, నా పని గురించి రాసినదాంతో సహా.

పట్టా మీద అనుమానం ఉంటే కాలేజీని అడగండి. నా మీద అనుమానం ఉంటే నన్ను పిలిచి ఒక గొర్రెను ముందు పెట్టండి. దాన్ని ఎలా పట్టుకోవాలో నాకు తెలుసు.

ఈ పట్టాను పరిశీలనకు తీసుకుంటారో లేదో తెలపండి. 'తీసుకోవచ్చు' అని రాయవద్దు. నా ఫైలు గడువు 30వ తేదీ, కాబట్టి మీరు నాకు ఎప్పుడూ ఇచ్చే పధ్నాలుగు రోజులే నేనూ మీకు ఇస్తున్నాను. అవునైనా, కాదైనా, ఏప్రిల్ 25వ తేదీలోగా జవాబు ఇవ్వగలరు.